పిలవని ప్రకటనకు తలుపు వేద్దాం



ఈ పూట మాట్లాడుకునే సంగతి దూరంగా ఎక్కడో లేదు. అందరి చేతుల్లోనూ ఉంది. అదే సెల్‌ఫోను. ఆ ఫోనులోకి పిలవకుండా వచ్చి కూర్చునే ప్రకటనలు. వాటిని ఆపవచ్చా? ఆపవచ్చు. అన్నిటినీ కాదు గానీ, చాలావాటిని ఆపవచ్చు. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగితే చాలు. కాస్త ఓపిక ఉంటే చాలు.

ప్రకటన కొత్తదేమీ కాదు

ప్రకటనలు పాతకాలం నుంచీ ఉన్నవే. రిక్షాకు మైకు కట్టి సినిమా వచ్చిందని చెప్పేవారు. ఊరి గోడల మీద ఎరువుల పేర్లు రాసేవారు. సంతలో పళ్ళపొడి అమ్మేవాడు పాట పాడేవాడు. ఇష్టమైతే ఆగి వినేవారు. లేకపోతే తమ దారిన పోయేవారు. గోడ మీద రాత మనిషి వెంట ఇంటికి రాదు కదా!

ఫోనులో ప్రకటన అట్లా కాదు. అది వెంటే వస్తుంది. పొలానికి వస్తుంది. వంటింట్లోకి వస్తుంది. రాత్రి పడుకునే ముందు కూడా ఎదురుగా నిలబడుతుంది.

ఇంటర్నెట్‌లో పేరు పొందిన మొదటి ప్రకటన పట్టీ 1994 అక్టోబరు 27న వచ్చింది. అమెరికాలో హాట్‌వైర్డ్ అనే పత్రిక తన ఇంటర్నెట్ పేజీలో దాన్ని పెట్టింది. అది ఒక టెలిఫోను కంపెనీ ప్రకటన. ఆనాడు అది ఒక చిన్న పట్టీ. ఈనాడు అది పెద్ద వ్యాపారం.

ఊరికే వచ్చేది ఊరికే రాదు

“ప్రకటన చూస్తే ఏం పోతుంది? డబ్బులు అడగదు కదా!” అని కొందరు అంటారు. పోయేది ఏమిటో లెక్క వేసి చూద్దాం.

ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటి అక్క చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది. ఇంటికంతా ఒకటే ఫోను. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. కూతురు ఇంటర్ చదువుతోంది. పాఠాలు ఆ ఫోనులోనే వింటుంది. చిన్నవాడు బడి నుంచి రాగానే అదే ఫోనులో ఆట ఆడతాడు. ఆటలో నిమిషం నిమిషానికీ ప్రకటన వస్తుంది.

రోజుకు 20 ప్రకటనలు వచ్చాయనుకుందాం. ఒక్కొక్కటి అర నిమిషం. అంటే రోజుకు 10 నిమిషాలు. నెలకు 300 నిమిషాలు. అంటే 5 గంటలు. ఏడాదికి 60 గంటలు! పగలూ రాత్రీ కలిపి రెండున్నర రోజులు ప్రకటనలకే పోయాయి.

ఇక డేటా సంగతి. బొమ్మలు కదిలే ప్రకటన ఒక్కొక్కటి 3 ఎంబీ తిన్నదనుకుందాం. రోజుకు 60 ఎంబీ. నెలకు 1800 ఎంబీ. ఒకరోజు డేటా కంటే ఎక్కువే. రీఛార్జి డబ్బులు ఎవరివి? ఆ అక్కవి. అంటే తనకు అక్కర్లేని ప్రకటనకు బండి కిరాయి కూడా ఆమే కట్టుకుంటోంది. సాయంత్రానికి డేటా అయిపోతుంది. కూతురి పాఠం మధ్యలో ఆగిపోతుంది.

చూపుకు వేలంపాట

గుంటూరు మిర్చి యార్డు సంగతి చాలామందికి తెలుసు. రైతు టిక్కీలు దింపుతాడు. కొనేవాళ్ళు వచ్చి చూస్తారు. ధర పలుకుతారు. ఎక్కువ పలికినవాడికి సరుకు పోతుంది.

ఫోనులో కూడా ఇలాంటి వేలంపాటే జరుగుతుంది. ఒక పేజీ తెరవగానే అందులోని ఖాళీ చోటు వేలానికి వెళుతుంది. కంపెనీల కంప్యూటర్లు ధర పలుకుతాయి. ఎక్కువ పలికిన కంపెనీ ప్రకటన తెర మీదికి వస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. యార్డులో అమ్ముడుపోయేది మిర్చి. ఇక్కడ అమ్ముడుపోయేది మనిషి చూపు.

ధర పలకాలంటే సరుకు ఎలాంటిదో తెలియాలి కదా! అందుకని ఫోను పట్టుకున్న మనిషి గురించి వాళ్ళు వివరాలు పోగుచేస్తారు. ఏ ఊళ్ళో ఉన్నారు, ఏం వెతికారు, ఏం కొన్నారు అని గుర్తు పెట్టుకుంటారు. నిన్న బోరు మోటారు ధర వెతికితే, ఇవాళ అన్ని పేజీల్లోనూ మోటార్లే కనబడతాయి. అందులో మాయా మంత్రం ఏమీ లేదు. పశువుల చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేస్తారు. దాని మీద 12 అంకెలుంటాయి. ఆ అంకెలను బట్టి అది ఎవరి గేదో చెప్పేస్తారు. ఫోనుకు కూడా అలాంటి బిళ్ళ ఒకటి ఉంది. దాని పేరు ప్రకటన ఐడీ.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

కాలం పోవడం, డేటా పోవడం ఒక ఎత్తు. మోసం ఇంకొక ఎత్తు.

2020లో కరోనా వచ్చింది. పనులు ఆగిపోయాయి. చేతిలో డబ్బు లేదు. ఆ కాలంలో ఫోనుల్లో అప్పు ఇచ్చే యాప్‌లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. నిమిషాల్లో అప్పు, కాగితాలు అక్కర్లేదు అని ఆశ పెట్టాయి. తీసుకున్నవాళ్ళు వారం తిరిగేసరికి పెద్ద వడ్డీతో కట్టవలసి వచ్చింది. కట్టలేకపోతే ఫోనులో ఉన్న చుట్టాల నంబర్లకు, స్నేహితుల నంబర్లకు ఫోన్లు చేసి పరువు తీశారు. ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు కేసులు పెట్టి, అరెస్టులు చేశారు. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు దీని మీద ఒక బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబరులో నియమాలు తెచ్చింది. అప్పు ఇచ్చేవారు వడ్డీ ఎంతో, మొత్తం ఖర్చు ఎంతో ముందే కాగితంలో చూపించాలని చెప్పింది.

నియమాలు వచ్చాయి. కానీ ఆశ చూపే ప్రకటన ఆగిందా? ఆగలేదు. పేర్లు మార్చుకుని వస్తూనే ఉంది. అవసరంలో ఉన్న మనిషి కంటికి అది దేవుడిలా కనబడుతుంది. అసలు కంటికే కనబడకపోతే ఆ గొడవే లేదు. అందుకే ప్రకటనను ఆపడం అనేది సరదా పని కాదు. ఇంటికి తలుపు పెట్టుకోవడం లాంటిది.

తలుపు ఎలా వేయాలి? తేలిక పని నుంచి మొదలుపెడదాం.

మొదటి పని: అనుమతి తీసేయడం

కొన్ని పేజీలు తెరవగానే ఒక ప్రశ్న వస్తుంది. “నోటిఫికేషన్లు పంపవచ్చా?” అని అడుగుతుంది. కింద రెండు మాటలు ఉంటాయి. ఒకటి “అనుమతించు”. రెండోది “బ్లాక్ చేయి”. చదవకుండా అనుమతించు అని నొక్కితే అయిపోయింది. ఆ రోజు నుంచి ఫోను టింగు టింగుమంటూనే ఉంటుంది. లాటరీ తగిలిందంటుంది. ఫోనులో వైరస్ ఉందంటుంది. అవన్నీ ప్రకటనలే.

దీన్ని ఆపడం తేలిక. క్రోమ్ తెరవాలి. పైన మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కితే సెట్టింగులు వస్తాయి. అందులో సైట్ సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు. అనుమతి పొందిన పేజీల పేర్లు అక్కడ వరుసగా కనబడతాయి. తెలియని పేరు ఉంటే నొక్కి, బ్లాక్ చేయాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఈ ఇంటి దొంగను పట్టవచ్చు. పేరు చదివితే దొరికిపోతాడు.

రెండో పని: 1909

ప్రకటన ఫోన్లు, ప్రకటన మెసేజీలు ఆపడానికి దేశమంతటికీ ఒకటే నంబరు ఉంది. అది 1909. ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, సున్నా కొట్టి ఆ నంబరుకు మెసేజీ పంపాలి. మెసేజీ రాయడం కష్టమైతే 1909కు ఫోను చేసి చెప్పవచ్చు. దీనికి డబ్బు పడదు. బ్యాంకు లావాదేవీ మెసేజీలు, ఓటీపీలు మాత్రం మామూలుగానే వస్తాయి. భయం అక్కర్లేదు.

మూడో పని: బిళ్ళ తీసేయడం

ఇందాక చెప్పుకున్న ప్రకటన ఐడీని తీసేయవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగులు తెరవాలి. గూగుల్ అని ఉన్నచోట నొక్కాలి. అందులో ప్రకటనలు అని ఉంటుంది. అక్కడ ప్రకటన ఐడీని తొలగించమనే మాట కనబడుతుంది. దీంతో ప్రకటనలు ఆగవు. కానీ మనిషి వెంటబడి గుర్తుపట్టడం తగ్గుతుంది.

నాలుగో పని: చిరునామా చెప్పేవాణ్ణి మార్చడం

ఇది ముఖ్యమైన పని. కొంచెం నెమ్మదిగా వినాలి.

కొత్తవాడు ఊళ్ళోకి వచ్చి, “ఫలానావారి ఇల్లెక్కడ?” అని రచ్చబండ దగ్గర అడుగుతాడు. అక్కడ కూర్చున్న పెద్దమనిషి దారి చెబుతాడు. ఫోను కూడా ఇదే చేస్తుంది. దానికి పేర్లు తెలుసు గానీ, చిరునామాలు తెలియవు. ఇంటర్నెట్‌లో చిరునామాలు అంకెల్లో ఉంటాయి. పేరు చెబితే అంకె చెప్పే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని డిఎన్ఎస్ అంటారు. అదే ఇక్కడ పెద్దమనిషి.

పాఠం పేజీ తెరిచినప్పుడు ఫోను పాఠం చిరునామా అడుగుతుంది. దాంతోపాటు ప్రకటనల కంపెనీ చిరునామా కూడా అడుగుతుంది. మామూలు పెద్దమనిషి అడిగినవన్నీ చెప్పేస్తాడు. కానీ కొందరు పెద్దమనుషులున్నారు. వాళ్ళ దగ్గర ప్రకటనల కంపెనీల జాబితా ఉంటుంది. ఆ పేరు అడగగానే, “అలాంటి ఇల్లు ఈ ఊళ్ళో లేదు పో!” అంటారు. ప్రకటన రాదు. పాఠం వస్తుంది. డేటా మిగులుతుంది.

2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోనులోనే ఈ పెద్దమనిషిని మార్చుకునే వీలుంది. సెట్టింగులు తెరిచి, నెట్‌వర్క్ అన్నచోటికి వెళ్ళాలి. కొన్ని ఫోనుల్లో దాన్ని కనెక్షన్లు అంటారు. అందులో ప్రైవేట్ డిఎన్ఎస్ అని ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగుల పైన ఉన్న వెతుకుడు పెట్టెలో ఆ మాట కొట్టాలి. అక్కడ పేరు రాయడానికి చోటు ఉంటుంది.

యాడ్‌గార్డ్ అనే సంస్థ ఈ సేవను ఉచితంగా ఇస్తోంది. దాని పేరు ఇలా రాయాలి: డిఎన్ఎస్, చుక్క, యాడ్‌గార్డ్, అడ్డగీత, డిఎన్ఎస్, చుక్క, కామ్. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలు. మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఒక్కసారి రాయిస్తే సరిపోతుంది. సేవ్ నొక్కాలి. అంతే. వైఫైలోనూ, సిమ్ డేటాలోనూ ఇది పనిచేస్తుంది.

ఒక్క అక్షరం తప్పు పడితే ఇంటర్నెట్ రాదు. కంగారు పడవద్దు. అదే చోటికి వెళ్ళి, ఆటోమేటిక్ అని నొక్కితే ఫోను మళ్ళీ మామూలుగా అవుతుంది.

ఆ కిరాణా కొట్టు ఇంట్లో ఈ పని జరిగిందనుకుందాం. కూతురు పేరు రాసి సేవ్ చేసింది. తల్లి ఫోను అందుకుని చూసింది.

“ఇదేమిటే? ఈ పేజీలో మధ్యన తెల్లగా ఖాళీ ఉంది. ఏమైనా పాడైందా?” అంది.

“పాడవలేదమ్మా. ప్రకటన ఉండే చోటు అది. ఇప్పుడు రావడం లేదు” అంది కూతురు.

“మరి యూట్యూబ్‌లో ఇంకా వస్తోందే!”

“అది ఇట్లా ఆగదమ్మా. పాట ఏ ఇంట్లోంచి వస్తుందో, ప్రకటనా ఆ ఇంట్లోంచే వస్తుంది. ఆ ఇంటికి దారి మూస్తే పాట కూడా రాదు.”

కూతురు చెప్పింది నిజమే. యూట్యూబ్, ఫేస్‌బుక్ యాప్‌లలో వచ్చే ప్రకటనలు ఈ పద్ధతిలో ఆగవు. యూట్యూబ్‌కు నెలనెలా డబ్బు కడితే ప్రకటనలు లేకుండా చూడవచ్చు. లేదా ప్రకటన వచ్చినప్పుడు ఓపిక పట్టి, దాటించు అనే మాట కోసం చూడాలి.

ఐదో పని: పేజీలు చూసే యాప్‌ను మార్చడం

ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో ప్రకటనలను ఆపే అదనపు పనిముట్లు పెట్టుకోవడం కుదరదు. ఫైర్‌ఫాక్స్ అనే యాప్‌లో కుదురుతుంది. అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే పనిముట్టు పెట్టుకోవచ్చు. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో దీన్ని మొదలుపెట్టారు. దీనికి డబ్బు తీసుకోరు. విరాళం కూడా తీసుకోరు. చిరునామా మూసే పద్ధతికి దొరకని ప్రకటనలను కూడా ఇది చాలావరకు తీసేస్తుంది. ఐఫోను ఉన్నవారికి 2015 నుంచి సఫారీలో ప్రకటనలు ఆపే యాప్‌లు పెట్టుకునే వీలుంది.

ఆరో పని: ఇంటి వైఫై పెట్టెకు కాపలా

ఇంట్లో వైఫై పెట్టె ఉంటే ఇంకా మేలు. పెద్దమనిషిని ఆ పెట్టెలోనే మార్చవచ్చు. అప్పుడు ఆ వైఫై వాడుకునే ఫోనులు, టీవీ, అన్నిటికీ ఒకటే కాపలా. ఊరికి ఒకటే గేటు పెట్టినట్టు.

పెట్టె వెనక చీటీ అంటించి ఉంటుంది. చాలా పెట్టెల మీద 192.168.1.1 లాంటి అంకెలు, ఒక పాస్‌వర్డు రాసి ఉంటాయి. ఫోనులో ఆ అంకెలు కొడితే పెట్టె లోపలి సెట్టింగులు వస్తాయి. డిఎన్ఎస్ అన్నచోట రెండు ఖాళీలు ఉంటాయి. మొదటిదాంట్లో 94.140.14.14 అని, రెండోదాంట్లో 94.140.15.15 అని రాయాలి. ఇవి యాడ్‌గార్డ్ వారి అంకెలు. పాత అంకెలు ఏమైనా ఉంటే ముందుగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కొందరు కేబులువాళ్ళు ఈ సెట్టింగుకు తాళం వేసి ఉంచుతారు. అప్పుడు వాళ్ళనే అడగాలి. కుదరదంటే ఒక్కొక్క ఫోనులో విడిగా పెట్టుకోవాలి.

కంప్యూటరు పని తెలిసిన కుర్రవాళ్ళు ఊళ్ళో ఉంటే ఇంకొక దారి ఉంది. దాని పేరు పై-హోల్. చేతిలో పట్టే చిన్న కంప్యూటరులో దీన్ని పెట్టి, ఇంటి వైఫైకి కలుపుతారు. అప్పుడు పెద్దమనిషి ఎక్కడో ఉండడు. ఇంట్లోనే ఉంటాడు. ఏ పేరు ఆపాలో, ఏ పేరు వదలాలో ఇంటివారే చెప్పుకోవచ్చు.

జాగ్రత్తలు కూడా తెలియాలి

ఒకటి. ప్రకటనలు ఆపుతామని చెప్పే యాప్‌లు చాలా ఉన్నాయి. వాటిలో దొంగవి కూడా ఉంటాయి. కంచే చేను మేసినట్టు, అవే ప్రకటనలు వేస్తాయి. ఫోనులోని వివరాలు పట్టుకుపోతాయి. ప్రకటనలో కనిపించిన యాప్‌ను ఎప్పుడూ పెట్టుకోవద్దు. ప్రకటనలు ఆపే యాప్ చుట్టాల నంబర్లు, ఫొటోలు అడిగిందంటే అది మంచిది కాదు.

రెండు. చిరునామా చెప్పే పెద్దమనిషికి మనిషి ఎక్కడెక్కడికి వెళ్తున్నాడో తెలుస్తుంది. కాబట్టి పేరున్న సంస్థనే పెట్టుకోవాలి. దారిన పోయేవాడు చెప్పిన అంకెలు పెట్టకూడదు.

మూడు. ఒక్కొక్కసారి అవసరమైన పేజీ కూడా తెరుచుకోదు. అప్పుడు కాపలాను కాసేపు ఆపి, పని చూసుకుని, మళ్ళీ పెట్టాలి. పెట్టడం మరచిపోవద్దు.

నాలుగు. ప్రకటన డబ్బుతోనే నడిచే పత్రికలు, పాఠాల పేజీలు కూడా ఉన్నాయి. అన్నిటినీ ఆపేస్తే వాళ్ళకు ఆదాయం ఎట్లా? ఇది న్యాయమైన ప్రశ్నే. మేలు చేసే పేజీ అనుకుంటే దానికి మాత్రం అనుమతి ఇవ్వవచ్చు. యూబ్లాక్‌లో ఆ వీలుంది. చందా కట్టగలిగినవారు కట్టవచ్చు. ఎవరికి తలుపు తీయాలో ఇంటివారే నిర్ణయించుకోవాలి. అసలు విషయం అదే.

తలుపు సందులోంచి వచ్చేవి

ఎంత కాపలా పెట్టినా కొన్ని వస్తాయి. వాటికి చదువే మందు.

ఏదైనా వెతికినప్పుడు మొదట వచ్చేది మంచిదని అనుకోవద్దు. దాని పైన చిన్న అక్షరాల్లో ప్రకటన అనో, స్పాన్సర్డ్ అనో ఉందేమో చూడాలి. ఉంటే డబ్బు కట్టి ముందు నిలబడ్డదని అర్థం. బ్యాంకు ఫోను నంబరు, గ్యాసు కంపెనీ నంబరు అక్కడ తీసుకోవద్దు. పాస్‌బుక్కు మీద, గ్యాసు పుస్తకం మీద ఉన్న నంబరే వాడాలి.

పచ్చటి పెద్ద గుర్తు కనబడితే నొక్కవద్దు. ముందు దాని మీద ఏమని రాసి ఉందో చదవాలి. మూసే గుర్తు చిన్నగా మూలన ఉంటుంది. అది వచ్చేదాకా ఆగాలి. తొందరపెట్టే ప్రకటనలో మోసం ఉండవచ్చు. “ఇంకా 2 నిమిషాలే” అంటే, ఆ 2 నిమిషాలూ పోనివ్వాలి.

ఒకవేళ డబ్బు పోయిందా? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చోవద్దు. మోసం చేసినవాడిది తప్పు. మోసపోయినవారిది కాదు. వెంటనే 1930కి ఫోను చేయాలి. అది సైబరు మోసాల ఫిర్యాదు నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఈ వారం చేయవలసినవి

అన్నీ ఒక్కరోజే చేయనక్కర్లేదు. ఈ రాత్రి నోటిఫికేషన్ల జాబితా తెరిచి, పేర్లు చదవండి. తెలియనివి తీసేయండి. రేపు 1909కు మెసేజీ పంపండి. ఎల్లుండి ప్రైవేట్ డిఎన్ఎస్ పెట్టుకోండి. ఆ తర్వాత పక్కింటివారి ఫోను చూడండి. ముఖ్యంగా ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఫోన్లు చూడండి. వారికి అక్కర్లేనివి ఎక్కువగా వస్తుంటాయి. అయితే వారిని అడిగి, చూపించి, చెప్పి చేయండి. చెప్పకుండా మార్చవద్దు.

ఫోను కొన్నది మీరు. రీఛార్జి చేసేది మీరు. అందులోకి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో చెప్పవలసిందీ మీరే.